అద్దం మీది కుంకుమ గీత

హిందూపురం ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, ఇకమీదట ఎవరి కళ్ళజోడు ముక్కు మీద వంకరగా కూర్చున్నా అడిగే నాథుడు లేడు. కాడ విరిగితే దారం చుట్టుకోవచ్చు. అద్దాలను పంచె కొంగుతో తుడుచుకోవచ్చు, చెమటతో కడుక్కోవచ్చు. తిట్టే మనిషి పోయిన సోమవారం తెల్లవారేసరికి కన్నుమూశాడు. ఆయన మా అక్క భర్త, మా బావ. బజారులో కళ్ళద్దాల అంగడి ఆయనది.

నాకు చదువు అబ్బలేదు. అద్దాల లెక్క ఎంత తెలిసినా ఆయన నోటి నుంచి విన్నదే. "రబ్బరు బంతిని ఏ పక్క చూసినా ఒకటే వంపురా. కోడిగుడ్డుకు నిలువున ఒక వంపు, అడ్డంగా ఒక వంపు. కొందరి కంటిపాప గుడ్డు మాదిరి ఉంటాది. వాళ్ళకు రోకలిని నిలువునా చీలిస్తే వచ్చే పెచ్చు మాదిరి అద్దం కావల్ల. ఒకపక్క చదును, ఒకపక్క వంపు. వంపు చెడ్డది కాదు, దాన్ని ఏ పక్కకు పెట్టల్లో తెలీకుంటేనే చెడ్డది. నీ బుద్ధి మాదిరి."

వారానికొకసారి అద్దాల పెట్టెతో ధర్మవరం రైలెక్కేవాడు. పెనుకొండ స్టేషన్లో బండి ఆగగానే ఎదురుగా కూర్చున్నవాణ్ణి కొండ వైపు చూడమనేవాడు. "ఆ బురుజు ఒకటి కనబడతాందా, రెండా?" ఒకసారి నన్నడిగితే, "మూడు బావా. నడిమి దాని మీద మా అక్క నిలబడుండాది, చేతిలో చీపురు" అన్నాను. రైలు పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు, ఆయన తప్ప.

నయాపైసలు వచ్చిన కొత్తలో ఒక పొద్దున ధర్మవరం నుంచి కబురొచ్చింది. ఆయన అద్దాలిచ్చిన నేతగాడొకడు పట్టుచీర అంచు పాడుచేశాడట. సాయంత్రం సావుకారు వచ్చి మగ్గం మీది పడుగు విప్పుకుపోతాడట. ఆ పడుగు పోతే వాడికి వేరే పని ఇచ్చేవాడు ఆ వీధిలో లేడు. అద్దాలు రాకముందు వాడికి నిలువు పోగులు స్పష్టంగా కనబడేవి, అడ్డపోగులు అలుక్కుపోయేవి. అందుకే రోకలిపెచ్చు అద్దం వేశాడు మా బావ.

ఆ రోజు పెనుకొండలో బండి ఆగింది. మా బావ కొండ వైపు చూడనేలేదు. నేనే మళ్ళీ మూడు బురుజుల జోకు వేస్తే, అది నాకే చేదుగా తగిలింది.

మేము పోయేసరికి సావుకారు వచ్చేసి ఉన్నాడు. నేతగాడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా అద్దాలాయప్పా! కండ్లిస్తానని చెప్పి ఉండే కండ్లు పెరుక్కుంటివే! సరిగా ఉండే అంచును వంకరని విప్పి, వంకరగా నేసినాడు చూడు. దీనికేమంటావు?" అన్నాడు సావుకారు.

"తప్పు నాదైతే ఈ పెట్టె ఈ గుంతలోనే పూడ్చిపెట్టి పోతా. మళ్ళ ఎవురి కంటికీ అద్దం పెట్టను" అన్నాడు మా బావ.

నేతగాడి కళ్ళజోడు తీసుకుని చెయ్యి చాచి, అద్దంలోంచి గుమ్మం వైపు చూశాడు. అద్దం బయట గుమ్మపు కొయ్య, అదే దారబందరం, నిట్టనిలువుగా ఉంది. అద్దం లోపలి ముక్క విరిగినట్టు పక్కకు వాలింది.

"అద్దం తిరిగిపోయింది. ఎవురు ముట్టినారు?"

"ఎవురూ ముట్టలేదన్నా" అంది నేతగాడి భార్య. "కొత్తవి కదా అని పటాల ముందర పెట్టి, రెండు అద్దాలకూ కుంకం బొట్లు పెడితిమి. తెల్లారి నేనే తుడిచిస్తిని."

"యెట్ల తుడిచితివమ్మా?"

కంచం తోమినట్టు బొటనవేలు గుండ్రంగా తిప్పి చూపించింది. గుండ్రటి ఫ్రేములో గుండ్రటి అద్దం. మామూలు అద్దమైతే ఎంత తిరిగినా ఒకటే. ఇది తిరిగితే లోకమే వాలిపోతుంది.

ఇక ఆయన నోరు లేస్తుందని నేను గోడకు జరిగాను. పంచెతో తుడిచినవాణ్ణే ఏడు తరాలు తిట్టే మనిషి.

"కుంకం ఉండాదా తల్లీ, రవ్వంత?" అన్నాడు.

అద్దాలను గుమ్మానికెదురుగా పట్టి, వాలిన ముక్క నిటారై దారబందరంతో కలిసేదాకా వేలితో తిప్పాడు. మరలు బిగించాడు. ఒక్కో అద్దం మీద నుంచి ఫ్రేము మీదికి సన్నగా ఒకే గీత గీకి, అందులో కుంకుమ రుద్దాడు. "పూజ మానొద్దండి. బొట్టు ఈ గీత మీదనే పెట్టుకోండి. గీత రెండుగా తెగితే అద్దం తిరిగినట్టు. నాకోసం కాచుకోవద్దు, మీరే కలుపుకోండి."

నేతగాడు జోడు పెట్టుకుని చెడిన అంచు విప్పాడు. మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. అడ్డపోగు మోసుకుంటూ నాడె అటూ ఇటూ పోతూ ఉంది. చాలాసేపటికి సావుకారు వంగి అంచు మీద వేలు నడిపాడు. వెనక్కి తెచ్చి మళ్ళీ నడిపాడు.

"రేపు జరీ పంపిస్తా, పని కానియ్యి" అని చెప్పులేసుకున్నాడు.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. పెట్టె పూడ్చిపెడతానని మా బావ అనలేదు. ఆ మాట పూర్తిగా నా కల్పన. ఆయన ఎదుటే ఎన్నో టీ అంగళ్ళలో చెప్పాను, ఆయన తల దించుకుని టీ ఊదుకునేవాడు. సావుకారు నిలదీసినప్పుడు ఆయన ఆ ఇల్లాలు ఇచ్చిన చెంబు అందుకున్నాడు గానీ తాగడం మరిచాడు. చెంబు ఒరిగి నీళ్ళు చొక్కా మీద ఒలుకుతున్నా, గుంతలో కూర్చున్నవాడి కళ్ళ మీది నుంచి చూపు తిప్పలేదు.