సంతకం రాని ప్రయాణం

నా చిన్నప్పుడు మేము దోహాలో, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. పక్కింటి అక్కది రాజోలు వైపు. భర్త ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. అక్క ఒక జపాన్ ఇంజనీరుగారింట్లో పనిచేసేది. ఆ ఇంటి అమ్మగారిది జపాన్‌లో పుట్టిన ఒక కొత్త మతం. ఆమె దగ్గర అక్క కూడా ఆ ప్రార్థనలు నేర్చుకుంది. మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. ఉన్న దేవుళ్ళు చాలలేదా అని సణిగేది. అయినా కూర మాత్రం పంపేది.

ఆ మతానికి జపాన్‌లో ఒక మూలస్థానం ఉంది. మనుషులందరూ మొదట అక్కడే పుట్టారని వాళ్ళ నమ్మకం. అందుకే తొలిసారి వచ్చిన పరదేశి భక్తుల్ని కూడా ఇంటికి తిరిగొచ్చారా అని పలకరిస్తారట. పుట్టింట్లో ఎవరూ మిగలని అక్కకు ఆ పలకరింపంటే ప్రాణం. కడుపులో గడ్డ ముదిరిందని అప్పటికే డాక్టర్లు చెప్పేశారు. పోయేలోగా ఒక్కసారి అక్కడికెళ్ళి ఆ మాట వినాలని ఆమె ఆశ. వేసవికి వెళ్తూ తనతో తీసుకెళ్తానని అమ్మగారు టికెట్ కూడా కొన్నారు.

కానీ అక్క వీసా కూడా భర్త యజమాని పేరు మీదే ఉంది. ఆయన, అక్కడివాళ్ళ మాటలో కఫీల్, సంతకం పెట్టనిదే అక్క దేశం దాటడానికి లేదు. భర్త రోజూ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడేవాడు. కఫీల్ రోజూ "బుక్రా" అనేవాడు, రేపు అని. కాదనలేదు, కసరలేదు. ఆ రేపు రాకముందే విమానం వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భయపడుతూనే అక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె ఏడవడం లేదు. మెట్ల పక్క వరండాలో మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో నేల తుడుస్తోంది. నొప్పి వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని ఆగుతోంది. ఇదేంటక్కా అన్నాను.

"అక్కడ గుడి నడవాలు భక్తులే ఇలా తుడుత్తారంట పాపా. నేనెళ్ళలేపోయాను గదా. ఇక్కడే తుడుత్తన్నాను."

"ఇప్పుడే అందరూ చెప్పులతో తొక్కేస్తారు."

"అక్కడా తొక్కుతారుగా. నువ్వు ఆ చివర్నించి రా."

ఇంకో గుడ్డ నా చేతికిచ్చింది. కాసేపు తుడిచాక, ఆ కఫీల్ మీద కోపం రాలేదా అని అడిగాను.

"ఎందుకు రాదు? వత్తంది. అందుకే గట్టిగా రుద్దుతన్నాను."

నెల తిరక్కుండానే అక్క పోయింది. శవాన్ని ఊరికి పంపే కాగితం మీద కఫీల్ ఆ పూటే సంతకం పెట్టాడు. మా నాన్న ఆ సంగతి చెప్పి, అన్నం ముందునుంచి లేచిపోయాడు.

నాకిప్పుడు యాభై దాటాయి. ఆ మనిషిని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. అయితే ఒళ్ళు మండిన రోజున ఊరికే కూర్చోను. ఎవరికైనా పనికొచ్చే పని ఒకటి ముందేసుకుంటాను. పని అయిపోతుంది, కోపం అలాగే ఉంటుంది.