జోన్ చెరపనివ్వని మాట

మాసన్ లేక్స్‌లో మా ఇంటి దగ్గర మందుల షాపులో మొన్న వరసలో నిలబడి ఉంటే, నా ముందున్న పెద్దావిడ దగ్గుబిళ్ళ కాగితం విప్పింది. యూకలిప్టస్ వాసన గుప్పుమంది. అంతే, అడిలైడ్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టే కాన్‌బెర్రా వెళ్ళిపోయాను. పక్క కుర్చీలో జోన్ గారు బిళ్ళ బుగ్గన పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ సర్దుకుని, "ఊఁ, కానివ్వు" అంటున్నట్టే ఉంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను పిలిచీ పిలిచీ విసుగెత్తి నా వెనకాయన్ని పిలిచింది. నాకేం కోపం రాలేదు. జోన్ గారితో ఓ రెండు నిమిషాలు కూర్చోవడం కోసం వరసలో ఎంత వెనక్కి పోయినా నష్టం లేదు.

కాన్‌బెర్రా పార్లమెంటులో సభ్యులు మాట్లాడే మాటలన్నీ రాసి అచ్చుకిచ్చే విభాగం ఒకటుంటుంది. పెళ్ళై ఒంగోలు నుంచి వచ్చిన కొత్తలో, ఇంగ్లీషు ఎమ్మే చదివిన పొగరుతో పరీక్ష రాసి అందులో ఉద్యోగం తెచ్చుకున్నాను. జోన్ గారు మా బాసు. మొదటిరోజు "మేడం" అంటే, "ఆ మేడం ఎవరో వచ్చాక చెప్తాను, నేను మాత్రం జోన్‌ని" అన్నారు. సరేనని ఇంగ్లీషులో జోన్ అనడం నేర్చుకున్నాను కానీ, తెలుగులో ఆవిడ నాకు జోన్ గారే. గారు లేకుండా ఆవిడ పేరు నా నోట పలకదు. మా పని వంతులవారీగా సాగేది. ఏడెనిమిది నిమిషాలు సభలో కూర్చుని ఎవరు లేచారో, ఎవరు మాట్లాడారో గుర్తులు రాసుకోవాలి. తర్వాతి వంతువాళ్ళొచ్చి మన కుర్చీలో కూర్చుంటారు, మనం గదికి వచ్చి రికార్డింగు వింటూ టైపు చెయ్యాలి. అది మరొకరు మళ్ళీ విని సరిచూస్తారు. వ్యాకరణం తప్పితే దిద్దవచ్చు, అనవసరంగా మళ్ళీ మళ్ళీ అన్నమాట తీసెయ్యవచ్చు. భావం జోలికి మాత్రం పోకూడదు. చప్పట్లు, ఏడుపులు, పాటలు మేం రాయం.

చేరిన నెలలోనే ఒక మంత్రిగారి ప్రసంగం నా వంతుకొచ్చింది. ఆయన ఒక వాక్యం మొదలుపెట్టి మూడో వాక్యంలో తేలే రకం. నేను దాన్ని దువ్వి, జడేసి, పూలు పెట్టి పంపాను. జోన్ గారు చదివి నా బల్ల దగ్గరికొచ్చి, "చాలా బాగుంది. ఆయనకంటే బాగుంది. అందుకే పనికిరాదు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం ఆవిడే కూర్చోబెట్టి మొదటి నుంచి వినిపించారు. తడబాటులో ఆ మంత్రిగారు ఒప్పుకున్న సంగతి ఒకటుంది, నా నగిషీల కింద అది కనపడకుండా పోయింది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. పూర్తిగా నేర్చుకోలేదని తర్వాత తెలిసింది.

జోన్ గారు బెత్ అనే ఆవిడతో ముప్పయ్యేళ్ళుగా కాపురం చేస్తున్నారు. బెత్ స్కూలు బస్సు నడిపేది. లావుగా, గలగలా నవ్వుతూ, బస్సు దిగని పిల్లల్ని పేరుపెట్టి గద్దించే గొంతుతో ఉండేది. అప్పటికి ఈ దేశంలో ఆడా మగా మధ్య జరిగితేనే పెళ్ళి. వాళ్ళ స్నేహితులు కొందరు వేరే దేశాలకు వెళ్ళి చేసుకుని వచ్చారు. బెత్ ఒప్పుకోలేదు, నా ఊళ్ళో చెల్లని కాగితం నాకెందుకనేది. జోన్ గారికి మాత్రం ఆ పెళ్ళి కావాలి. ఎంత కావాలో ఒక్కసారే, కారులో ఇంటి దగ్గర దింపుతూ చెప్పారు. "నాకు అరవై దాటాయి శిరీషా. అరవై ఏళ్ళ పెళ్ళికూతురంటే అందరూ నవ్వుతారు. డెబ్బై దాటితే నవ్వడానికి కూడా ఎవరూ మిగలరు." ఆవిడ ఏ ఊరేగింపుకీ వెళ్ళలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. సభలో కూర్చుని రాసేవాళ్ళు ఏ పక్షమో సభకు తెలియకూడదు అనేవారు. తన పెళ్ళి తన బల్ల మీదికి చర్చకొచ్చినా సరే, తన నోటి నుంచి ఒక్కమాట బయటికి రాకూడదన్న పట్టుదల ఆవిడది.

మేం ఇల్లు కొనుక్కుని పాలు పొంగించిన రోజున ఇద్దర్నీ పిలిచాను. ఊరి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. కాన్‌బెర్రాలోని తెలుగువాళ్ళలో సగంమంది మా హాల్లోనే ఉన్నారు. బెత్ ఒక నిమ్మమొక్క ఎత్తుకొచ్చింది. మా వీధి చివరి సావిత్రి ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఆ నిమ్మమొక్కావిడ ఎవరమ్మా, మీ బాస్‌కి సిస్టరా?" అని అడిగింది. చుట్టూ ఓ పదిమంది చెవులు. నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు, ఆ రోజు మాత్రం ఆ నోరు పిల్లిలా ముడుచుకుంది. "హౌస్‌మేట్ ఆంటీ. ఇద్దరూ రెంట్ షేర్ చేసుకుంటారు" అన్నాను. అమ్మకీ అదే చెప్పాను. ఆ ఇల్లు వాళ్ళ సొంతం, అద్దె అన్నదే లేదు. నా మాటలో సగం ఇంగ్లీషే కదా, పులిహోర పళ్ళెం పట్టుకుని వెనకే నిలబడ్డ జోన్ గారికి అర్థం కావడానికి తెలుగు అవసరం లేకపోయింది. ఆవిడ పళ్ళెంతో బెత్ దగ్గరికి వెళ్ళిపోయారు. నేనేమో, పోనీలే, ఎవరికీ ఇబ్బంది లేకుండా గడిచింది అనుకున్నాను. సిగ్గులేకుండా అలాగే అనుకున్నాను.

తర్వాత దేశమంతా అలాంటి పెళ్ళిళ్ళు చెల్లాలా వద్దా అన్న గొడవ మొదలైంది. మీరు ఔనంటారా కాదంటారా అని ఇంటింటికీ పోస్టులో కాగితాలొచ్చాయి. నేను పార్లమెంటులో పనిచేస్తాను కాబట్టి మనవాళ్ళు ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ, లోపల ఏమనుకుంటున్నారు, పాసవుతుందా అని నన్ను ఆరా తీసేవారు. నాకేం తెలుసు, నేను టైపిస్టుని అని తప్పించుకునేదాన్ని. దేశం ఔనంది. బిల్లు సభకొచ్చింది. ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడుతూనే ఉన్నారు. కొందరు సొంత పిల్లల గురించి చెప్పుకుని ఏడ్చారు. కొందరు తమ నమ్మకం ఒప్పుకోదని మర్యాదగానే చెప్పారు. ఒక మధ్యాహ్నం ఒక సభ్యుడు లేచి, "ఇద్దరాడవాళ్ళు ఒకింట్లో ఉంటే అది కాపురం కాదు, అద్దె పంచుకోవడం" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు రుచించిందేమో, ఆగి, మళ్ళీ అదే మాట అన్నాడు.

ఆ వంతు నాది. సరిచూసే వంతు జోన్ గారిది. గదికొచ్చి ఆ మాట హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ విన్నప్పుడు నా వీపు మీద ఎవరో చరిచినట్టయింది. ఈ మాట ఇంతకుముందు నేనే అన్నాను కదా. మా హాల్లో, పదిమంది మధ్య, ఆయనకంటే ముందే. ఇది జోన్ గారు మళ్ళీ వినాలా, చదవాలా, కామాలు సరిచూడాలా? మళ్ళీ మళ్ళీ అన్నమాట తీసెయ్యవచ్చు కదా అని రెండోసారి అన్నది తీసేశాను. చెయ్యి ఆగలేదు. మొదటిది కూడా తీసేసి, "అటువంటి బంధాన్ని నేను వివాహంగా భావించను" అని పద్ధతైన వాక్యం ఒకటి కూర్చి పంపించేశాను. పుణ్యం చేసినంత తృప్తిగా టీ తెచ్చుకోవడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి జోన్ గారు నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన అన్న అసలు మాటే, రెండుసార్లూ, ఆవిడ అప్పటికే టైపు చేసేశారు. తప్పైపోయింది, సరిగ్గా వినపడలేదు అన్నాను. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి నా చేతికిచ్చారు. ఇంక అబద్ధం ఆడలేక, మీరు బాధపడతారని తీసేశాను అన్నాను.

"నన్ను కాపాడుతున్నాననుకుంటున్నావు. నువ్వు కాపాడుతున్నది ఆయన్ని. ముప్పయ్యేళ్ళ తర్వాత ఎవరైనా చదివితే ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు. మమ్మల్ని ఏమన్నారో మాత్రం ఎవరికీ తెలీదు" అన్నారు. గొంతు పెంచలేదు. లేచి నిలబడి, "ఆ రోజు మీ ఇంట్లో నువ్వు కాపాడింది కూడా నన్ను కాదు" అన్నారు.

ఏడ్చాను. ఆఫీసులో, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. కావాలని మాట మార్చడం మా ఉద్యోగంలో చిన్న తప్పు కాదు, జరిగింది జరిగినట్టు రాసిమ్మని తెల్లకాగితం ఇచ్చారు. రాసిచ్చాను. పైవాళ్ళు నన్ను పిలిచి హెచ్చరించి వదిలేశారు. జోన్ గారు నన్ను వెనకేసుకురాలేదు, అలాగని ఆ తర్వాత నా పనిని ఎక్కువసార్లు సరిచూడనూ లేదు. ఆ నమ్మకాన్ని తట్టుకోవడమే నాకు కష్టమైంది.

ఓటింగు రోజున ఫలితం వచ్చే సమయానికి సభలో వంతు జోన్ గారికి పడింది. మార్చుకుంటానని నేను అడిగితే, వంతు వంతే అన్నారు. మేం పై అంతస్తులో మా గదిలో టీవీలో చూశాం. వద్దన్నవాళ్ళు ఒకవైపు గుప్పెడుమంది, మిగతా సభంతా రెండోవైపు. సభ పైన గ్యాలరీలో సందర్శకులు లేచి నిలబడి పాట అందుకున్నారు. సభ్యులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ గందరగోళం మధ్య బల్ల దగ్గర ఒక్క మనిషే తల దించుకుని గుర్తులు రాసుకుంటోంది. బెత్ పైన సందర్శకుల్లో ఉందని ఆవిడకు తెలుసు. తలెత్తి చూడలేదు.

గదికొచ్చి టైపు మొదలుపెట్టారు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి చూస్తే, బిల్లు నెగ్గిందన్న సభాపతి ప్రకటన వరకు అచ్చు తప్పు లేకుండా ఉంది. ఆ కింద తెర ఖాళీ. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో తన వంతు ఎవరికీ ఇవ్వని మనిషి, "మిగతాది నువ్వు చెయ్యి శిరీషా. నేను కిందికి వెళ్ళాలి, బెత్ ఎదురుచూస్తోంది" అన్నారు. మిగతాది విన్నాను. చప్పట్లు, ఏడుపులు, పాట. మేం రాయనివే అన్నీ. చివర సభాపతి అన్న రెండు ముక్కలు టైపు చేసి పంపాను.

పెళ్ళిపిలుపు వచ్చే వేళకు అమ్మ మళ్ళీ మా దగ్గరుంది. ఈసారి అమ్మని కూర్చోబెట్టి, బెత్ జోన్ గారి హౌస్‌మేట్ కాదు, వాళ్ళిద్దరికీ పెళ్ళి, ఆ రోజు నేను నీతో కూడా అబద్ధం చెప్పాను అని గబగబా చెప్పేశాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నాకు ఆ రోజే తెలుసులేవే" అంది. ఎట్లా తెలుసంటే, "ఆ లావుపాటామె కారం తినలేదంట. మీ బాసు ఎవరితోనో మాట్లాడతా, చూడకుండానే ఆమె పళ్ళెంలో మిరపకాయలన్నీ ఏరి తన పళ్ళెంలో ఏసుకుంటా ఉంది. అద్దెకుండేవాళ్ళు అట్టా చేస్తారంటే? మీ నాన్నకి నలభై ఏళ్ళు కరివేపాకు ఏరినదాన్ని, నాకు చెప్తావేందే" అంది. ఇంకో కాయ అందుకుని, ఇద్దరికీ ఒకే రంగు చీరలు పెడదామా, వేరువేరువా అని అడిగింది. పెళ్ళిరోజున ఇద్దరికీ బొట్టుపెట్టి, అక్షింతలు వేసి, ఎవరు కుడివైపు నిలబడాలో తేల్చుకోలేక కంగారుపడింది. సంగతేంటని అడిగి తెలుసుకుని బెత్, ఎండ తగలనివైపు నేను అని వెళ్ళి నిలబడింది.

జోన్ గారు పెళ్ళయ్యాక ఎక్కువకాలం లేరు. డెబ్బై నిండకుండానే వెళ్ళిపోయారు. అప్పటికి మేం అడిలైడ్ వచ్చేశాం. బెత్ ఫోన్ చేసి, "నా భార్య పోయింది శిరీషా" అంది. అంతకుముందు ఎప్పుడూ జోన్ అనడమే విన్నాను. ఆ ఉదయమే విమానమెక్కాను. అంత్యక్రియల ఆఫీసులో ఫారం నింపుతుంటే బెత్ పక్కన కూర్చున్నాను. చనిపోయినవారితో సంబంధం అన్నచోట పెద్ద అక్షరాలతో భార్య అని రాసింది. నేను అక్కడి ఉద్యోగిని ముఖం చూశాను. ఆవిడ చదివింది. కనుబొమ్మ కూడా కదలలేదు. "పేర్లలో స్పెల్లింగ్ ఒకసారి సరిచూసుకోండి" అని కాగితం వెనక్కి తిప్పింది. బెత్ దాన్ని నావైపు జరిపింది. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చదివి, అంతా సరిగ్గానే ఉందన్నాను.

ఇప్పుడు నేను ఆస్పత్రుల్లో, కోర్టుల్లో తెలుగువాళ్ళకు దుబాసీగా పనిచేస్తున్నాను. మనవాళ్ళు నా చెవిలో, "ఆ ముక్క కొంచెం మెత్తగా చెప్పమ్మా", "అది వదిలెయ్యమ్మా, పరువు పోద్ది" అంటూనే ఉంటారు. కొట్టిన దెబ్బని ఏదో తగిలిందని చెప్పమంటారు. తిట్టిన తిట్టుని కోప్పడ్డాడని చెప్పమంటారు. ఎదురుగా కోడలుపిల్ల తల దించుకుని ఉంటుంది. నాకూ జాలేస్తుంది, మెత్తటి మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఎవర్ని కాపాడుతున్నావే నువ్వు అని ఒక్కసారి నన్ను నేనే అడుగుతాను. అడిగాక, అన్నది అన్నట్టే చెప్పేస్తాను. అప్పుడు ఆ పిల్ల తలెత్తి నావైపు చూస్తుంది.