మా కంది దానంతటదే పెరగలేదు

కందిలో దాగున్న రాతనంతా చివరి అక్షరం దాకా చదువుతారట. అందుకు మా కొండ గింజ కావాలని అరకు పైనున్న మా ఊరికి జీపు వచ్చింది. నేను యాభై దాటాక పలక పట్టినదాన్ని. చదువంటే నాకు గౌరవమే. అయినా ఆ రోజు గింజ ఇవ్వలేదు.

మాకింకా 'కంది కొత్త' పండగ కాలేదు. ఆ పండగ చేసి దేవతకు పెట్టేదాకా కొత్త కంది మేం తినం, ఎవరికీ ఇవ్వం.

"తినడానికి కాదమ్మా, పరీక్షకు," అన్నాడు పట్నం నుంచి వచ్చిన శాస్త్రవేత్త.

"అచ్చరాలకి నాను యాభై ఏళ్లు ఆగాను బాబూ. నీ పరీచ్చ ఎనిమిది రోజులు ఆగలేదేటి?"

నా కోడలు పక్కున నవ్వింది. "మా అత్తతో ఏగలేరు బాబూ, బేగి ఎల్లిపోండి."

వెళ్లాడు. పండగ మర్నాడే మళ్లీ వచ్చాడు. ఆ పట్టుదల నాకు నచ్చింది. కాయలు వలిచి దోసెడు గింజలిచ్చాను. వాటిని కవరులో పోసి పైన ఏదో రాశాడు. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఊరు పేరు సరిగ్గానే ఉంది. దాని కింద, 'అడవి అంచున దానంతటదే పెరిగినది' అని ఉంది. గట్లూ చాళ్లూ లేని మా పోడు చేను ఆయన కంటికి అడవిలా కనబడిందన్నమాట.

"దానంతటదే పెరగడమేటి?"

"ఏదో ఒక మాటమ్మా. మేం చదివేది గింజను, కవరును కాదు."

కవరు లాక్కున్నాను. మంచు పట్టి చేనంతా మాడిన ఏడు, మా అత్త బతికి నిలిచిన చెట్లకు విత్తనానికని గుర్తుగా నారపోగులు కట్టింది. ఇంట్లో ఆకలి ఉన్నా వాటి కాయలు ముట్టనివ్వలేదు. ఆ విత్తనమే ఇది. ఏటేటా నేనూ అలాగే ఎంచాను. ఇదంతా ముఖం మీదే చెప్పాను.

"సరే, ఏం రాయమంటారు?"

"నువ్వు రాసింది కొట్టెయ్. సన్నగా కొట్టు, కనబడాల. కింద నాను రాత్తాను."

'మా ఆడవాళ్లు ఎంచి దాచిన విత్తనం' అని రాశాను. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను తొందరపడలేదు.

కొన్నేళ్లకు కంది జన్యుక్రమం మొత్తం చదివేశారని విన్నాను. అందులో మా గింజ ఉందో లేదో చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆ కవరు ఎక్కడున్నా, ఆయన తప్పూ నా దిద్దుబాటూ ఒకదాని కింద ఒకటి దాని మీద ఉన్నాయి. ముందు అది చదవమనండి.