మూడు దారులకు ఒకటే సైకిలు

సైకిలు కొనాలని నేను అనుకున్న రోజుకీ, అది మా ఇంటి గోడకు ఆనిన రోజుకీ మధ్య ఇంచుమించు ఏడాది గడిచింది. ఆ ఏడాదంతా నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. భోజనానికి కూర్చుంటే ఎడమచేతిలో ఫోను, ఫోనులో ఎవడో ఒకడు టైరు నొక్కి చూపిస్తూ ఉండేవాడు. పడుకుంటే గేర్ల లెక్కలు. ఈ రోజు ఇదే కొంటానని తేల్చుకుని లేస్తే, కాఫీ తాగేలోపు ఇంకొకటి మేలనిపించేది. స్వతహాగానే నాకు నిలకడ తక్కువ. అది ఆ ఏడాది ముదిరి పిచ్చి అయింది.

నా కోరికలు చిన్నవేం కావు. నేను చిలమత్తూరులో ఒక జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును. మా ఊరి నుంచి రోజూ అక్కడికి పోయి రావాలి. ఆదివారాలు హైవే ఎక్కాలి. బెంగళూరు నుంచి హెల్మెట్లు పెట్టుకుని బారులు తీరి వచ్చే సైకిళ్ళవాళ్ళను చూసినప్పుడల్లా నాకు కుళ్ళు. వాళ్ళలో సగం మంది నాకంటే పెద్దవాళ్ళు. అది కాక, మా ఊరి వెనక ఎండిన చెరువులోంచి గుట్ట దాకా పోయే మట్టిబాట ఉంది, దాని మీదా తిరగాలి. తారురోడ్డుకు సన్న టైర్లు, మట్టికి లావు టైర్లు అంటారు తెలిసినవాళ్ళు. నాకు మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే సైకిలు కావాలి.

"అవ్వా కావల్ల, బువ్వా కావల్ల అంటే యాడ దొరుకుతాదప్పా?" అనేది నా భార్య.

ఇవి కాక నాలుగోది ఒకటి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. ఆ సైకిలుకు వెనక మంచి క్యారియరు ఉండాలి. దాని మీద మా ఆమె కూర్చోవాలి. నిజానికి నాకు కావలసింది అదొక్కటే.

అంతకు ముందు చలికాలం దాకా మాకు మోటారుసైకిలు ఉండేది. నా భార్య పక్క ఊరి పాలకేంద్రంలో పని చేస్తుంది. పాలు కొలిచి, వెన్నశాతం చూసి రాసే పని. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. మా ఊరి నుంచి ఆ వేళకు ఆటోలు ఉండవు కాబట్టి నేనే దింపి వచ్చేవాణ్ణి. సంక్రాంతి దాటాక మా వైపు ఉలవల నూర్పిడి మొదలవుతుంది. చెట్లు పీకి ఎండబెట్టి తారురోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బండ్ల చక్రాల కింద నలిగి గింజలు రాలతాయి. వేరే ఊళ్ళ వాళ్ళు తిట్టుకుంటూ పక్క నుంచి పోతారు. మా వాళ్ళు అట్లా పోరు. పరిచిన పంట కనబడితే దాని మీదుగానే పోవాలి. పక్కకు తప్పుకుని పోతే, ఆ రైతుకు చేసే సాయం ఎగ్గొట్టినట్టే లెక్క. చిన్నప్పటి నుంచి మాకు అదే మర్యాద.

ఆ రోజు నేనూ మర్యాదకే పోయాను. ఆమె "పక్కన పో, మంచుకు తడిసి ఉండాది" అని భుజం తట్టింది. రోడ్డు పక్కన కూర్చున్న రైతు నాకు తెలిసినవాడు, చెయ్యి ఎత్తాడు. తెలిసినవాడి ముందు పక్కకు పోవడమా అనుకున్నాను. నడిమధ్యకు వచ్చాక ఎదురుగా గొర్రెల మంద కనబడి బ్రేకు నొక్కాను. బండి సబ్బు మీద కాలేసినట్టు జారింది. నాకు మోచేయి గీసుకుంది. ఆమెకు భుజం దగ్గర ఎముక విరిగింది.

రెండు నెలలు చెయ్యి మెడకు కట్టుకుని తిరిగింది. ఒక్క మాట అనలేదు. కట్టు విప్పిన రోజు మాత్రం, "ఇంక నీ వెనక ఎక్కను" అంది. కోపంగా కూడా అనలేదు, పాలు విరిగినాయని చెప్పినట్టు చెప్పింది. నాకు కూడా బండి తీయాలంటే భయం పట్టుకుంది. బండి అమ్మేశాను. నేను బస్సులో కాలేజీకి పోయేవాణ్ణి. ఆమె తెల్లారక ముందే ఫోను లైటు వేసుకుని పాలకేంద్రానికి నడిచి పోయేది. అక్కడికి మూడు కిలోమీటర్లు.

అందుకే సైకిలు. మోటారు లేని దాని మీద, మెల్లగా, నమ్మకంగా తీసుకుపోతే మళ్ళీ ఎక్కుతుందని నా ఆశ. అది పైకి చెప్పడానికి సిగ్గేసి, ఆరోగ్యం అన్నాను, హైవే అన్నాను, గుట్ట అన్నాను. చెప్పగా చెప్పగా అవి కూడా నిజమే అయినాయి.

మా కాలేజీలో ఒక కుర్ర లెక్చరరు దగ్గర రెండు సైకిళ్ళున్నాయి. మొదట సన్న టైర్లది అడిగి తెచ్చుకున్నాను. హ్యాండిలు మేకపోతు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. ఆదివారం హైవే ఎక్కాను. ఆ సుఖం ఏమని చెప్పను! కాలు ఇట్లా వేస్తే అట్లా పోతోంది. లారీలు పక్కన పోతుంటే భయపడాల్సింది పోయి నవ్వు వచ్చింది. నలభై అయిదేళ్ళ వాణ్ణి, ఒక్కణ్ణే గట్టిగా నవ్వుకున్నాను. ఇదే, ఇంకేదీ వద్దు అనుకున్నాను.

తిరిగి మా ఊరి రోడ్డులోకి మలుపు తిరిగేసరికి ఎదురుగా ఉలవలు. మళ్ళీ వాటి కాలం వచ్చిందన్న సంగతి నేను మరిచే పోయాను. బ్రేకు నొక్కాను. దిగి, సైకిలు నెట్టుకుంటూ, రోడ్డు దిగి కంపల పక్కగా నడిచాను. చీపురుతో గింజలు ఊడుస్తున్న ఒక అవ్వ నన్నే చూస్తోంది.

"పైన పో నాయనా! పక్కన పోతాండావేంటికి?"

"జారుతాది అవ్వా."

"ఇంత మంది పోతాండారు, నీకే జారుతాదా?" అని మూతి తిప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కంపల పక్కగా పోయిన ఫలితం ఇంటికి చేరాక తెలిసింది. రెండు టైర్లలోనూ గాలి లేదు. మా ఊరి పంక్చరు షాపు అతను ట్యూబులు నీళ్ళలో ముంచి, వరసగా వచ్చే బుడగలు చూసి నవ్వాడు.

"ఏం సార్, కంప చెట్టు ఎక్కించినారా ఏమి సైకిలును?"

"కొందామనుకుంటున్నానప్పా ఇట్లాంటిది."

"కొంటే నాకు మంచిదే సార్. దినామ్మూ మీ మొగం చూడొచ్చు."

దాన్ని తిరిగి ఇచ్చి లావు టైర్లది తెచ్చుకున్నాను. ముందర స్ప్రింగులు, టైర్ల మీద వేలెడు లోతు గీతలు. చెరువు బాటలో ఏనుగులా పోయింది. ముండ్లూ రాళ్ళూ దానికి లెక్క లేదు. తారు ఎక్కిన తర్వాత మాత్రం బరబరమని ఒకటే రొద. ఎంత తొక్కినా ముందుకు పోదు. నేను తొక్కే బలమంతా ఆ స్ప్రింగులే తాగేస్తున్నట్టు ఉండేది.

దాన్ని పరీక్ష చేయడానికి వారం రోజులు తెల్లవారుజామునే లేచాను. ఒక రోజు ఊరి బయట మసక వెలుతురులో రోడ్డు పక్కగా ఎవరో నడుస్తున్నారు. బెల్లు కొట్టాను. మనిషి వెనక్కి చూడకుండానే కంపల వైపు ఒదిగి దారి ఇచ్చింది. దాటేటప్పుడు చూస్తే నా భార్య. ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని నడుస్తోంది.

ఆగాలా వద్దా అని ఆలోచించేలోపే ముందుకు వచ్చేశాను. ఆగి ఏం చేయాలి? ఆ సైకిలుకు క్యారియరు లేదు. సాయంత్రం ఆమె ఆ ఊసు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆ రాత్రి ముద్ద దిగలేదు. సిగ్గుతో సగం, త్వరగా కొనాలన్న ఆత్రంతో సగం.

మళ్ళీ పంక్చరు షాపుకే పోయాను. అతను నా గోడు ఓపిగ్గా విని, "నడిమిది ఒకటి ఉండాది సార్. హైబ్రిడ్ అంటారు. మరీ సన్నమూ కాదు, మరీ లావూ కాదు. రోడ్డు మీద పోతాది, మట్టిలోనూ పోతాది. గుట్టలు దూకల్లంటే మాత్రం దూకదు. మీరు దూకుతారా?" అన్నాడు.

"దూకను."

"మరి ఇంకేంటికి ఆలోచన?"

హిందూపురానికి బస్సెక్కాను. ఆమె కూడా వస్తానంది. నేను మళ్ళీ వట్టి చేతులతో తిరిగి వస్తానని ఆమె అనుమానం. షాపులో బూడిదరంగు సైకిలు ఒకటి చూపించారు. ముందు మూడు గేర్లు, వెనక ఎనిమిది, డిస్కు బ్రేకులు, మధ్య కడ్డీ బాగా కిందికి వాలి ఉంది. టైరు నొక్కి చూశాను. ఏడాదిగా ఫోనులో చూసినవన్నీ ఒక్కొక్కటే అడిగాను. షాపతను అన్నిటికీ సరిగ్గానే చెప్పాడు. చివరికి అసలుది అడిగాను.

"దీనికి క్యారియరు వేస్తారా?"

"ఏస్తాం సార్. బ్యాగు, టిఫిను డబ్బీ పెట్టుకోవచ్చు."

"మనిషి కూర్చోవచ్చా?"

అతను నన్ను వింతగా చూశాడు. "మనిషిని కూర్చోబెట్టగూడదు సార్. దీని ఫ్రేమూ, చక్రాలూ దానికి చేసినవి కావు. గేర్ల సైకిలు ఏది తీసుకున్నా అంతే."

నాకు ఒక్కసారిగా నీరసం వచ్చింది. ఏడాది పాటు తిరిగింది దీని కోసమా? వెళ్ళిపోదాం, అనంతపురం పోయి చూద్దాం, అక్కడ దొరకకపోతే బెంగళూరు పోదాం అనుకుంటూ వెనక్కి తిరిగాను. అప్పటికి నా భార్య ఆ బూడిదరంగు సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నా, ఈ సీటు రవ్వంత దించుతావా?" అని షాపతన్ని అడిగింది.

అతను దించాడు. ఆమె చున్నీ నడుముకు చుట్టుకుంది. నేను నోరు తెరిచేలోపే సైకిలును షాపు మెట్లు దించి, ఒక కాలు వేసి, రెండు సార్లు నేలను తన్ని ఎక్కేసింది. మొదట కొంచెం వంకర పోయింది. తర్వాత సందు చివరి దాకా తిన్నగా పోయి, ఒక ఆటోను తప్పించి, తిరిగి వచ్చి మా ముందు కాలు ఆనించి ఆగింది.

"నీకు సైకిలు వచ్చా?" అన్నాను.

"హైస్కూలుకు అయిదేండ్లు సైకిల్లోనే పోయినాను. గోరంట్ల రోడ్డులో, ఎదురుగాలికి."

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. నాకు తెలియదు.

"మరి ఎక్కనంటివి కదే?"

"నీ వెనక ఎక్కనంటి. బండి ఎక్కనని యాడ అంటి?" అని గేరు మీట అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇది బాగుండాది. తీసుకుందాం."

షాపతను నవ్వు దాచుకోవడానికి రసీదు పుస్తకం వెతికాడు. ఏడాదిగా నేను తేల్చుకోలేనిది ఆమె సందు చివరి దాకా పోయి వచ్చి తేల్చేసింది. నాకు ఉక్రోషం వచ్చింది, ఒప్పుకుంటాను. నేను కొనుక్కుందామని వచ్చిన సైకిలు అది. బస్సులో ఇంటికి వచ్చేదాకా ముభావంగానే ఉన్నాను. బస్సు పైన కట్టిన సైకిలు జారిపోతుందేమోనని ఆమె ప్రతి స్టాపు దగ్గరా కిటికీలోంచి తల బయట పెట్టి చూస్తూనే ఉంది.

మర్నాడు అయిదున్నరకు బయలుదేరింది. తోడు వస్తానన్నాను, వద్దంది. సందు మలుపు తిరిగాక ఇక కనబడలేదు. పావుగంట వాకిట్లో నిలబడ్డాను. ఇంట్లోకి పోయాను, బయటికి వచ్చాను. ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. లారీలు, కుక్కలు, ఉలవలు, ఆమెకు అలవాటు లేని బ్రేకులు, సరిగ్గా అతుక్కుందో లేదో తెలియని భుజం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకు వచ్చాయి. చెప్పులు వేసుకుని ఆ దారినే బయలుదేరాను.

మోటారుసైకిలు మీద ఎన్ని వందల సార్లు పోయానో ఆ దారిన. నడవడం అదే మొదటిసారి. ఊరు దాటాక లైట్లు లేవు. ఎదురుగా లారీ వస్తే కంపల్లోకి తప్పుకోవాలి. ముల్లు చెప్పులోంచి దిగింది. అడ్డదారి అని చెరువు కట్ట ఎక్కితే అంతా కంకర, రెండు సార్లు కాలు మడతపడింది. దొడ్ల దగ్గర కుక్కలు వెంటపడితే రాయి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాను. దీపాలు కనబడుతున్నా ఊరు మాత్రం ఎంతకీ దగ్గరికి రాలేదు.

పాలకేంద్రం ముందు క్యాన్లతో జనం వరసలో ఉన్నారు. సైకిలు గోడకు ఆనించి ఉంది. ఆమె లోపల పాలు కొలుస్తోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏమప్పా, నడిచి వస్తివా?"

"ఊ."

"ఎంత సేపు పట్టె?"

"ముప్పావు గంట."

"మొదట్లో అంతే పడతాది," అంది. తర్వాతి క్యాను అందుకుంది.

నేను అరుగు మీద కూర్చుని ముల్లు తీసుకున్నాను. ఆమె ఈ దారిన దాదాపు పది నెలలు నడిచింది. ఆ పది నెలలూ టైర్ల గురించి, గేర్ల గురించి నేను అడగని మనిషి లేడు. నడవలేకపోతున్నావా అని ఆమెను మాత్రం ఒక్క రోజు కూడా అడగలేదు.