అబద్ధాల చీటీ

వేసవి సెలవులంటే ఎవరికి సుఖమో గానీ, జడ్జికి మాత్రం కాదు. జడ్జి అంటే కోర్టులో కూర్చునే పెద్దాయన కాదు లెండి, తొమ్మిదో తరగతి ముగించిన బక్కపలచని పిల్ల. ఆటలో ఎవరు తొండి చేసినా మొహం మీదే అనేస్తుందని స్నేహితులు ఆ పేరు తగిలించారు. అబద్ధం చెప్పాల్సి వస్తే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది, చెవులు ఎర్రబడిపోతాయి.

వాళ్లమ్మ ఇంట్లోనే మిషను కుడుతుంది. బడులు తెరిచే ముందు నెలంతా యూనిఫాం చొక్కాలే. మిషను అమ్మ వంతు, గుండీలు కూతురి వంతు. ఆరింటికి లేచి కూర్చుంటే ఎండ గడప దాటేసరికి పన్నెండు చొక్కాలవుతాయి. చొక్కాకి ఏడు గుండీలు. సూది పోట్లకి వేళ్లు మొద్దుబారాయి. ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు.

ఆ రోజు అమ్మ దొంతరలోంచి ఒక చొక్కా తీసి పక్కన పడేసింది.

"దీనికి కుట్టకే. మీ గోళీ వాళ్లమ్మ వద్దంది."

"ఎందుకట?"

"ఏమోనమ్మా, హడావుడిగా చెప్పి ఫోను పెట్టేసింది."

కొలత తప్పిందేమో అనుకుంది జడ్జి. అంతకు మించి ఆలోచించే ఓపిక లేదు. పని ముగించి, నడుం పట్టుకుని మెట్ల మలుపు దగ్గరికి వెళ్లింది. వాళ్లుండే భవనం మొత్తానికి కాస్త చల్లగా ఉండేది అక్కడే.

అప్పటికే ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. గోళీ అంటే ఎదురు వీధి పిల్ల, కళ్లు గోళీకాయల్లా ఉంటాయి. రెండోది కళ్లజోడు. దాని నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యలో క్యారమ్ బోర్డు. ఎర్రకాయ ఎప్పుడో పోయింది. దాని బదులు జడ్జి తెచ్చిన పెద్ద ఎర్ర గుండీ పెట్టి ఆడుతున్నారు.

సెలవుల మొదట్లో లాజిక్ పజిళ్ల పుస్తకం ఒకటి దొరికితే ముగ్గురూ పదిరోజుల్లో నమిలి మింగేశారు. నిజాలే చెప్పేవాళ్లూ, అబద్ధాలే చెప్పేవాళ్లూ ఉన్న ఊళ్ల లెక్కలు. పుస్తకం అయిపోతే గోళీ ఒక ఆట కనిపెట్టింది. రోజూ డబ్బాలో మూడు చీటీలు. ఒకదాని మీద చుక్క. అది ఎవరికి వస్తే వాళ్లు సాయంత్రం ఆరుదాకా అన్నీ అబద్ధాలే చెప్పాలి, మిగతా ఇద్దరూ నిజాలే చెప్పాలి. అడిగినదానికి జవాబు ఇచ్చి తీరాలి, అందరికీ తెలిసింది అడగకూడదు. ఆరింటికి చుక్క ఎవరిదో తేల్చాలి.

నలభై రోజులుగా ఇదే ఆట. జడ్జికి విసుగొచ్చేసింది. ఆవులిస్తూనే చీటీ తీసి, గుప్పిట్లోనే విప్పి చూసుకుంది. చుక్క! వారం రోజులుగా తప్పించుకుంటే ఇవాళ నెత్తిన పడింది.

"పొద్దున ఎన్నింటికి లేచావే?" అని కళ్లజోడు మొదలుపెట్టింది.

"పదింటికి," అంది జడ్జి. ఎంత హాయైన అబద్ధమో! నిజమైతే బాగుణ్ణనిపించింది.

రెండాటలయ్యాయి. మూడో ఆటలో గోళీ గురి చూస్తూ, తలెత్తకుండానే అంది.

"మేం రేపు పొద్దున ఇల్లు ఖాళీ చేస్తున్నాం. నాన్నకి వేరే ఊళ్లో పని దొరికింది. ఏడింటికి లారీ వస్తుంది. ఇక ఇక్కడి బడికి రాను."

కళ్లజోడు పగలబడి నవ్వింది. "పట్టేశా! చుక్క నీదే! కాస్త అతికేట్టు చెప్పొచ్చు కదే! నువ్వేమంటావే జడ్జీ, వీళ్లు వెళ్తున్నారంటావా?"

చుక్క జడ్జి గుప్పిట్లో ఉంది. అంటే గోళీ చెప్పింది నిజం. ఆ సంగతి తేలిపోయింది తనొక్కదానికే. పక్కన పడేసిన చొక్కా కళ్లముందు కదిలింది.

"వెళ్లడం లేదు," అంది. చెవులు భగ్గుమన్నాయి.

గోళీ ఆ చెవుల వంక చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"నా చొక్కాకి గుండీలు కుట్టావా?"

"కుట్టేశా. ఏడూ."

"నేను వెళ్లిపోతే నీకేమైనా బాధా?"

"బాధా? నాకేం బాధ!"

"గుర్తొస్తానా?"

"రావు."

"రోజూ ఫోను చేస్తావా?"

"చెయ్యను."

"ఈ ఎర్ర గుండీ నేను ఉంచుకుంటే?"

"వద్దు. అక్కడ పెట్టు."

గోళీ గుండీ తీసి జేబులో వేసుకుంది. కళ్లు నిండిపోయాయి, పెదవులు మాత్రం నవ్వుతున్నాయి. కళ్లజోడుకి తిక్కరేగింది.

"ఆటైతే మాత్రం ఇంత కఠినంగానా! ఛీ, నీది గుండా బండా?"

"బండే," అంది జడ్జి. ఆట వద్దని లేచిపోవచ్చు. కానీ ఎదురుగా ఆ పిల్ల ఒక్కో జవాబూ తిరగేసి దాచుకుంటోంది. ఎలా లేస్తుంది? అడిగినవన్నింటికీ ఓపిగ్గా అబద్ధాలే చెప్పింది.

ఆరింటికి కళ్లజోడు గోళీ వైపు వేలు చూపింది. గోళీ చీటీ విప్పితే తెల్లగా ఉంది. జడ్జి గుప్పిట తెరిస్తే, చెమటకి అలుక్కుపోయిన చుక్క. కళ్లజోడు రెండు చీటీలనూ మార్చి మార్చి చూసింది.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అంది చివరికి, ఏడుపు గొంతుతో.

"చెప్తే ఏడుస్తూ కూర్చుంటారని. ఆటలో చెప్తే ఎవరూ వెంటనే నమ్మరు కదా, ఈ ఒక్కరోజూ మామూలుగా ఆడుకుందామనుకున్నా," అంది గోళీ.

ఆట అయిపోయింది కాబట్టి ఇక నిజం చెప్పొచ్చు. చెప్పడానికి బదులు జడ్జి గోళీని వాటేసుకుంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డారు. కాసేపటికి కింద నుంచి వాళ్లమ్మ కేకేస్తే గోళీ దిగి వెళ్లింది.

ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా జడ్జి సూది అందుకుంది. పక్కన పడి ఉన్న చొక్కా ఒళ్లో వేసుకుంది. అమ్మ మిషను ఆపింది.

"దానికొద్దన్నానుగా! వాళ్లు ఊరొదిలి పోతున్నారటే. కొత్త బడిలో అది పనికిరాదు."

"తెలుసమ్మా."

"మరెందుకే ఈ చాకిరీ? పొద్దుట్నుంచీ ఒళ్లు హూనమై ఉన్నావు."

"కుట్టేశానని దానికి చెప్పానమ్మా. పొద్దున లారీ కదిలేలోపు ఇచ్చేయాలి," అంది జడ్జి, దారం తడిచేసి సూదిలోకి ఎక్కిస్తూ. ఇవాళ చెప్పినవాటిలో తను నిజం చేయగలిగింది అదొక్కటే.

అమ్మ గుండీల డబ్బా కూతురి ముందుకు జరిపింది.