పేరు గీకేసిన సీసాలు

శిశువిహారంలో ఆయాకి పొద్దున్నే పని, పిల్లల పాలసీసాలకి పేర్లు అంటించడం. ఇంటికొచ్చాక పని, తన మాత్రల సీసా మీద పేరు ఊడబెరకడం. వేణ్నీళ్లలో నానేసి, బొటనవేలి గోటితో అంచు లేపి, మిగిలిన జిగురుని నూనె చుక్కతో రుద్దేస్తుంది. కాగితాన్ని పేరొక ముక్క, మందొక ముక్కగా చింపి వేరు వేరు వీధుల్లో పారేస్తుంది. బోడి సీసా మాత్రం మెట్ల కింది చెత్తబుట్టలోకి. అవి మనసుని కుదురుగా ఉంచే మాత్రలు. వేసుకున్నన్నాళ్లూ ఆమెంత నిబ్బరమైన మనిషి ఉండదు. కానీ "పిచ్చి మందులు మింగేదాని ఒళ్లో మా బిడ్డనా?" అని ఒక్క తల్లి అన్నా చాలు, ఉద్యోగం ఊడినట్టే. గోడలకి చెవులుంటాయంటారు గానీ, ఆమె భయమంతా చెత్తబుట్టల నోళ్లంటేనే.

నిన్న సాయంత్రం కింది వాటాలో బట్టలు కుట్టే పెద్దావిడ కేకేసి లోపలికి పిలిచింది. శిశువిహారం తల్లులందరూ బట్టలు కుట్టించుకునేది ఆవిడ దగ్గరే. చూస్తే, కిటికీ గట్టు మీద తను పారేసిన సీసాలన్నీ రంగురంగుల బొత్తాలు నింపుకుని బారులు తీరి నిలబడ్డాయి.

"అందరూ అడుగుతున్నారే తల్లీ, ఇంత ముచ్చటైన సీసాలు ఎక్కడివని! మేడమీద ఆయమ్మవి అని చెబుతున్నా."

ఆయా నవ్వింది. బొటనవేలి గోరు మాత్రం తలుపుచెక్కని గీకుతూనే ఉంది.

"పచ్చ బొత్తాలకి ఇంకోటి కావాలి," అంది పెద్దావిడ ఆప్యాయంగా. "ఈ నెలది ఎప్పుడు ఖాళీ అవుతుందమ్మా?"