మా తోడికోడలు చెప్పే ఫైటింగులు

మా తోడికోడలికి సినిమా చూడటం రాదు. కుళ్ళుకొని అంటున్నానని మీరనుకోవచ్చు. కుళ్ళుకొనే అంటున్నాను, కానీ మాట మాత్రం నిజం. ఉరవకొండలో కొత్త సినిమా ఆడితే నేను పేర్లు పడటం మొదలైనప్పటి నుంచి చివరిదాకా కళ్ళార్పకుండా చూస్తాను. ఆమె ఇంటర్వెల్ దాకా తన పాపను ఎత్తుకొని బయట తిరుగుతుంది, తర్వాత నిద్రపోతుంది.

ఈ మధ్య వస్తున్న ఫైటింగు సినిమాల మీద నాకు చాలా అభిప్రాయాలున్నాయి. హీరో ఎడారిలో రోజుల తరబడి నడుస్తాడు, ఒక్కసారి కూడా మంచినీళ్ళడగడు. మా వైపు ఎండాకాలంలో బోరు దగ్గర నుంచి ఇంటికి వచ్చేలోపే నాలుక పిడచకట్టుకుపోతుంది. వాడి పెదాలు మాత్రం ఎండవు. ఒక్క గుద్దుకు పదిమంది గాల్లోకి లేస్తారు, మిగిలినవాళ్ళు తమ వంతు వచ్చేదాకా మర్యాదగా నిలబడి ఉంటారు. నిధి కోసం అడవిలోకి పోతారు, అది దొరికేలోపు మిగతా కథ రెండో భాగంలో చూడమంటారు. సగం అన్నం తిన్నాక విస్తరి లాగేసినట్టు ఉంటుంది. అయినా ఒక్కటీ వదలను. తిట్టాలన్నా పూర్తిగా చూడాలి కదా.

ఈ అభిప్రాయాలకు మా వీధిలో ఒక విలువ ఉండేది. వానలకు ముందు, వేరుశనగ విత్తనం ఒలిచే రోజుల్లో, ఆడవాళ్ళమంతా ఒకరింటి తర్వాత ఒకరింట్లో కూర్చుని కాయలు ఒలుస్తాం. మిషనుకు వేస్తే గింజ దెబ్బతింటుందని విత్తనానికి చేత్తోనే ఒలుస్తాం. చాటలు ముందు పెట్టుకొని ఊరికే కూర్చుంటే పొద్దు పోదు. అందుకని సినిమా చూసొచ్చినవాళ్ళు కథ చెప్పాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ కథ చెప్పేది నేనే. "నువ్వు రాకుంటే ఎట్లమ్మే" అని ఇంటికొచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆ పిలుపు కోసమే సగం సినిమాలు చూశానేమో.

తర్వాత మా మరిదికి పెళ్ళయింది. కణేకల్ నుంచి ఈమె వచ్చింది.

మొన్న వేసవిలో ఎదురింటి అత్త వాళ్ళ విత్తనం ఒలుస్తున్నాం. అంతకు ముందే నేనూ మా తోడికోడలూ కలిసి ఒక సినిమా చూసొచ్చాం. నేను గొంతు సవరించుకుంటుండగానే ఎవరో "ఈ తూరి చిన్నామెను చెప్పనీండప్పా" అన్నారు. ఆమె వెంటనే అందుకుంది.

"వాడు కొండ మీద నుంచి దిగుతాండాడు. చేతిలో ఏమీ లేదు. కింద నూరు మంది కత్తులు పట్టుకోని ఉండారు. అప్పుడు వాడు ఏం చేసినాడో తెలుసునా?" అని ఆగింది.

ఆ సినిమాలో కొండ లేదు. కథంతా ఓడ మీద జరుగుతుంది. నేను ఊరుకోలేకపోయాను. "కొండ యాడుండాది మే? అది ఓడ కదా," అన్నాను.

"ఉండనీలే అక్కా," అని నవ్వింది.

"నువ్వు రవ్వంత ఊరకుండమ్మే, వాడేం చేసినాడో విననీ," అని ఎదురింటి అత్త నన్నే కసిరింది.

కడుపు మండిపోయింది. మా అత్తగారు ఆమెనే ఎక్కువ ముద్దు చేస్తుంది, నేనేమీ అనలేదు. పండక్కి ఆమె చీరే ముందు కొంటారు, అదీ ఓర్చుకున్నాను. ఈ కథ చెప్పడం ఒక్కటే నాకంటూ ఉన్నది. నిద్రపోయి చూడని సినిమాను చెప్పి దాన్ని కూడా లాక్కుంటోంది. ఆమె చేయి ఎటు తిప్పితే అందరి తలలూ అటే తిరుగుతున్నాయి.

అప్పుడు నా కంటబడ్డాయి బద్దలు. హీరో గుద్దినప్పుడల్లా వినేవాళ్ళ వేళ్ళు బిగుస్తున్నాయి. మెల్లగా నొక్కాల్సిన కాయను పటుక్కున చిదిమేస్తున్నారు. లోపలి గింజ రెండుగా చీలిపోతోంది. చీలిన గింజ మొలవదు, చట్నీకి తప్ప దేనికీ పనికిరాదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అత్తా, నీ విత్తనం చూసుకో. ఈమె ఫైటింగు చెప్తాంటే అన్నీ బద్దలైపోతాండాయి," అన్నాను.

కథ ఆగిపోయింది. అత్త లేచి ఒక్కొక్కరి చాటలో వేళ్ళు పెట్టి కెలికి చూసింది. అందరివాటిలోనూ బద్దలున్నాయి. చివరికి నా దగ్గరికొచ్చి నా చాట కూడా కెలికింది.

"నీ దాంట్లోనే ఎక్కువుండాయి కదమ్మే," అంది.

"కోపంతో నొక్కినానత్తా," అన్నాను. ఎవరూ నమ్మినట్టు లేదు.

అత్త మా తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వు చాలించు తల్లీ. నీ కథ వింటే ఈ ఏడు నా చేన్లో మొలకే రాదు," అంది. తర్వాత నన్ను చూసి, "నువ్వే చెప్పమ్మే. ఇన్నేండ్లు చెప్పినావు, ఒక్క గింజ కూడా బద్ద కాలేదు," అంది.

మెచ్చుకోలుగానే అంది. నా చోటు నాకు వచ్చేసింది. పౌరుషం కొద్దీ గొంతు పెంచి చెప్పాను. లేని కొండ మీదికి హీరోను నేను కూడా ఎక్కించాను. నూరు మందిని వెయ్యి మందిని చేశాను. చెబుతూనే ఓ కంట చాటల వైపు చూస్తున్నాను. ఎవరి చేతులూ తొందరపడలేదు. ఒకామె ఆవులించింది. మా తోడికోడలు మాత్రం బుద్ధిగా తలూపుతూ వింది.

సాయంత్రం అత్త, నేను కథ చెబుతుండగా ఒలిచిన గింజలన్నీ గంపలో పోసి, దోసిట్లోకి తీసుకొని వెలుతురులో చూసింది. "ఇట్లుండాల," అంది సంతోషంగా. ఒక్క గింజకు కూడా పొట్టు లేవలేదు.